ఆసుపత్రి ఉంది సరే, అర్ధరాత్రి అందులో ఎవరున్నారు? మారుమూల ప్రాంతాల వైద్యంపై చర్చ

ఉద్దానం మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా కవిటి ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి, ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. మా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీలో చాలామంది వినే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ జబ్బు గడప తొక్కని వీధి దాదాపు లేదు. మా అన్నయ్య 2014లో దీనితోనే పోయాడు. ఆ రోజుల్లో డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకువెళ్లేవాళ్లం. తెల్లవారుజామున మూడింటికి లేవడం, చీకట్లో ఆటో పట్టుకుని స్టేషనుకు వెళ్లడం, రైల్లో మూడు నాలుగు గంటలు కూర్చోవడం, అక్కడ మంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసి నాలుగు గంటలు యంత్రం మీద ఉంచి, మళ్లీ రాత్రికి ఇల్లు చేరడం. ఆ అలసటకే మనిషి సగమైపోయాడు. వారానికి మూడుసార్లు చేయించాలని డాక్టరు చెప్పినా మేము రెండుసార్లతో సరిపెట్టింది డబ్బు లేక మాత్రమే కాదు, అంత దూరం మూడోసారి వెళ్లి వచ్చే ఓపిక ఆయన ఒంట్లో లేక. జీడితోట అందుకే అమ్మాం.

ఇప్పుడు అదే జబ్బు మా బావగారికి వచ్చింది. ఆయన సోంపేటలోనే డయాలసిస్ చేయించుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తున్నారు. నెలకు 10,000 రూపాయల పింఛను అందుతోంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషుల మధ్య ఇంత తేడా తెచ్చింది మందు కాదు, యంత్రం మా దగ్గరికి రావడం. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

అయితే ఈ మధ్య మా వీధిలోనే ఒక అమ్మాయికి రాత్రి పదకొండింటికి నొప్పులు వచ్చి, బిడ్డ అడ్డం తిరిగింది. మొదట వెళ్లిన ఆసుపత్రిలో కాన్పుల డాక్టరమ్మ ఉన్నారు, ఆపరేషన్ గది ఉంది, మత్తు డాక్టరు మాత్రం లేరు. అక్కడి నుంచి మరో చోటికి, అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి పంపారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ డాక్టరమ్మ కళ్లనీళ్లు పెట్టుకున్నారని ఆ అమ్మాయి అత్తగారే చెప్పింది. భవనం, పడకలు, సామగ్రి అన్నీ ఉన్న చోట ఆ రాత్రి లేనిది ఒక్క మనిషి. మిగతా ప్రాంతాల్లో పరిస్థితి ఎలా ఉందో, దీనికి దారి ఏమిటో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

నగరవాసి

మాస్టారూ, మీ ఇంటి కష్టానికి నా సానుభూతి. నేను హైదరాబాదులో ఉంటాను, ప్రణాళికా రంగంలో కొంతకాలం పనిచేశాను. ఒక మాట నిర్మొహమాటంగా చెబుతాను, అన్యథా భావించకండి. ప్రతి మండలంలోనూ అన్ని రకాల నిపుణులనూ పెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. నెలకు పది ఆపరేషన్లు కూడా జరగని చోట సర్జన్‌ను కూర్చోబెడితే ఆయన చేతి నైపుణ్యం తగ్గిపోతుంది, ఖర్చు మాత్రం నిలిచి ఉంటుంది. దానికంటే 108 వాహనాలు పెంచి, రోడ్లు వేసి, మనిషిని త్వరగా పెద్ద ఆసుపత్రికి చేర్చడం మేలు కదా? 2005 ఆగస్టు 15న ఆ సేవ మొదలైనప్పటి నుంచి అది కాపాడిన ప్రాణాలు అన్నీ ఇన్నీ కావు. దానికి తోడు ఆరోగ్య బీమా ఉంది. ఆసుపత్రిని ఊరికి తేవడం కంటే ఊరిని ఆసుపత్రికి చేర్చడం సులువని నా అభిప్రాయం.

మన్యం సిస్టర్

నగరవాసి గారూ, నేను పాడేరు వైపు ఏజెన్సీలో పదిహేనేళ్లకు పైగా పనిచేస్తున్న నర్సును. మీ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ 108 ఎంతవరకు వస్తుందన్నది ముందు తేలాలి. బండి తారురోడ్డు చివర ఆగుతుంది, ఊరు అక్కడి నుంచి మొదలవుతుంది. మధ్యలో ఉన్న ఐదారు కిలోమీటర్ల కొండదారి ఏ పటంలోనూ ఆసుపత్రి దూరం కింద లెక్కకు రాదు.

డోలీ అంటే పేపర్లో ఫొటో చూసినవారికి అర్థం కాని సంగతులు కొన్ని ఉన్నాయి. లావుపాటి కర్రకు దుప్పటి రెండు కొసలు కట్టి, అందులో నిండు చూలాలిని ముడుచుకుని పడుకోబెడతారు. ముందొకరు, వెనుకొకరు మోస్తారు. అరగంటకోసారి భుజం మార్చుకోవాలి కాబట్టి కనీసం ఆరుగురు మగవాళ్లు ఊళ్లో ఉండాలి. పనుల కోసం మగవాళ్లు వలస వెళ్లిన నెలల్లో ఆ ఆరుగురు దొరకరు. దిగుడు దారిలో వెనుకవాడి భుజం ఎత్తుగా ఉండి మనిషి తలవైపుకు జారిపోతుంది. అందుకని ఒక ఆడమనిషి పక్కన నడుస్తూ ఆమె తల పట్టుకుంటుంది. వానలో వాగు దగ్గర ఆగితే డోలీని తడి నేల మీద దించలేక, భుజాల మీద ఉంచుకునే నిలబడతారు. నేను ఆ తల పట్టుకుని నడిచిన రోజులున్నాయి.

కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం ఆరోగ్యంగా ఉన్న తల్లిని కూడా రెండు గంటల్లో పొట్టన పెట్టుకోగలదని మాకు శిక్షణలో నేర్పారు. ఆ రెండు గంటలూ మా దగ్గర రోడ్డు మీదికి చేరడానికే అయిపోతాయి. అందువల్ల మీరు చెప్పిన వేగం మాకు సరిపోదు, నొప్పులు రాకముందే మనిషి కిందికి దిగి ఉండాలి. ఈ ఆలోచనతోనే 2018లో పార్వతీపురం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) వారు సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం తెరిచారు. డెలివరీ తేదీకి కొన్ని వారాల ముందే తీసుకువచ్చి, తిండి పెట్టి, పరీక్షలు చేసి, సమయానికి ఆసుపత్రిలో చేరుస్తారు. ఇటువంటివి ప్రతి ఏజెన్సీ ఆసుపత్రి పక్కనా ఉండాలి.

ఇక లెక్కల మాట. మైదానంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలన్నది నిబంధన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికైతే 30,000, 20,000. ఏజెన్సీకి ఉదారంగా ఇచ్చినట్టే కనిపిస్తుంది. కానీ ఆ 3,000 మంది ఇరవై గూడేల్లో, నాలుగు కొండల మీద ఉంటారు. ఉపకేంద్రంలో ఉండే నర్సు, ఏఎన్‌ఎం, ఒక్కతే అన్నిటికీ నడవాలి. తలల లెక్కతో పాటు నడక లెక్క కూడా వేయకపోతే ఈ నిబంధన మాకు న్యాయం చేయదు.

అడవి జిల్లా

సిస్టర్ గారు చెప్పిన వాగు మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాది ఉమ్మడి ఆదిలాబాదు జిల్లా, ఉట్నూరు తావు. వానకాలంలో మా దగ్గర వాగు పొంగితే ఎడ్లబండి కూడా దాటదు.

ఇంకొక విషయం కూడా ఈ చర్చలోకి రావాలి. మా ఆదిలాబాదు పట్టణం నుంచి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు, నాగపూరు 200 కిలోమీటర్లకు లోపే. ఆదిలాబాదులో రిమ్స్ అనే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి 2008 నుంచి ఉంది, చాలా జబ్బులకు అదే దిక్కు. కానీ గుండె, మెదడు, క్యాన్సరు వంటి వాటికి మా దిక్కు జనం తరతరాలుగా నాగపూరుకో, వార్ధా దగ్గరి సేవాగ్రాముకో పోతారు. మా నాయనకు పక్షవాతం వచ్చినప్పుడు మేమూ నాగపూరుకే ఉరికినం. దగ్గరి దవాఖానకు పోవడం తప్పేమీ కాదు కదా. అయితే మేము పోయిన దవాఖాన మా ఆరోగ్యశ్రీ కార్డు చెల్లే జాబితాలో లేదన్నారు. రాష్ట్ర సరిహద్దు దాటగానే మేము పేదవాళ్లం కాకుండా పోయామా అని మా అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సరిహద్దు జిల్లాల వారికి కార్డు ఇచ్చేటప్పుడు మనిషి ఏ రాష్ట్రం వాడన్నది ఎంత చూస్తారో, అతడికి దగ్గరగా ఏ ఆసుపత్రి ఉందన్నది కూడా అంతే చూడాలి. భద్రాచలం ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్, ఒడిశా ఆదివాసీలు వస్తూనే ఉన్నారు, వారిని ఎవరూ పొమ్మనడం లేదు. జనం నడిచే దారి సర్కారు గీసిన గీతను పట్టించుకోదు.

అనంత సీమ

మాదీ అదే కథ. హిందూపురం వైపు వారికి బెంగళూరు, చిత్తూరు వైపు వారికి తమిళనాడులోని వేలూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి. మా తాతగారి కాలం నుంచి ‘పెద్దాసుపత్రి’ అంటే మా ఇంట్లో వేలూరే. సీమలో కర్నూలు, తిరుపతి, అనంతపురం ఆసుపత్రులు లేవని కాదు. కానీ కర్నూలు సర్వజన ఆసుపత్రికి అటు ప్రకాశం, ఇటు ఉమ్మడి మహబూబ్‌నగర్, ఆపైన కర్ణాటక పల్లెల నుంచి కూడా జనం వస్తారు. ఒక్క మంచం మీద ఇద్దరు రోగులను చూసినప్పుడు ఆ ఆసుపత్రిని తప్పుపట్టాలనిపించదు, దాని చుట్టూ వంద కిలోమీటర్ల మేర ఏమి లేదో దాని గురించి ఆలోచించాలనిపిస్తుంది.

మాజీ ఆరోగ్యమిత్ర

నగరవాసి గారు బీమా ప్రస్తావన తెచ్చారు కాబట్టి నాకు తెలిసినది చెబుతాను. నేను కొన్నేళ్లు ఆరోగ్యమిత్రగా, అంటే ఆరోగ్యశ్రీ రోగులకు ఆసుపత్రిలో దారి చూపే ఉద్యోగిగా పనిచేశాను. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఎంచుకున్న మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. వెనుకబాటును గుర్తించి చేసిన ఎంపిక అది. ఆ పథకం వల్ల గుండె ఆపరేషన్లు జరిగిన పసిపిల్లలను నేను కళ్లారా చూశాను, కాబట్టి దానిని తక్కువ చేసి మాట్లాడలేను. 2023 డిసెంబరులో వైద్య ఖర్చు పరిమితి తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెరిగింది.

కానీ కార్డు మన చేతిలో ఉంటుంది, అది చెల్లే ఆసుపత్రి నగరంలో ఉంటుంది. పథకం కింద ఎంత డబ్బు ఖర్చయినా అది ఆసుపత్రులు ఉన్న చోటికే చేరుతుంది. ఆ డబ్బుతో అక్కడి ఆసుపత్రులు ఇంకా పెరుగుతాయి, జీతాలు పెరుగుతాయి, పల్లెలో ఉన్న ఆ ఒక్క డాక్టరు కూడా అక్కడికే వెళతారు. ఎవరి దురుద్దేశమూ లేకుండానే అంతరం పెరగడం ఇలాగే జరుగుతుంది. పరిమితి 2 లక్షలైనా 25 లక్షలైనా, డెబ్బై కిలోమీటర్ల లోపల ఆపరేషన్ చేసే చోటే లేనివాడికి ఆ అంకె మారినట్టు తెలియదు. అదీకాక రోగికి ఆపరేషన్ ఖర్చు పథకం భరిస్తుంది గానీ, తోడు వచ్చిన భార్య పది రోజుల కూలి, వరండాలో పడుకున్నప్పుడు ఆమె తిన్న తిండి, ఊళ్లో పిల్లలను చూసుకున్న పొరుగువారి రుణం ఎవరి లెక్కలోకీ రావు. ఆపరేషన్ మంజూరయ్యాక కూడా ‘ఇప్పుడు కాదు బాబూ, నాట్లు అయ్యాక వస్తాం’ అని వెళ్లిపోయినవారు నాకు తెలుసు. వారిలో కొందరు మళ్లీ రాలేదు.

పల్లె డాక్టరు

ఇంతమంది ఇంత ఓర్పుగా రాస్తున్నందుకు ధన్యవాదాలు. నేను మత్తు వైద్యంలో పీజీ చేశాను. అంతకు ముందు నాలుగేళ్లు మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆ తర్వాత కొన్నాళ్లు ఒక సామాజిక ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. మాస్టారు చెప్పిన ఆ రాత్రి లేని మనిషి నా వంటివాడే కాబట్టి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుంది.

అందరూ ఖాళీ పోస్టుల గురించి మాట్లాడతారు. భర్తీ అయిన పోస్టు సంగతి ఎవరూ అడగరు. సామాజిక ఆరోగ్య కేంద్రానికి నిబంధనల ప్రకారం మత్తు డాక్టరు పోస్టు ఒకటి. ఆ ఒక్కటీ నిండితే కాగితం మీద నూటికి నూరు శాతం భర్తీ అయినట్టే. అయితే ఒక మనిషి పగలంతా పనిచేసి, ఏడాదిలో 365 రాత్రులూ మేల్కొని ఉండగలడా? నేను ప్రయత్నించాను. తొలి ఏడు నెలలు పిలిచినప్పుడల్లా వెళ్లాను. ఎనిమిదో నెలలో వరుసగా మూడు రాత్రులు నిద్ర లేక, నాలుగో రోజు పొద్దున సిరంజిలోకి మందు ఎక్కించేటప్పుడు నా చేయి వణికింది. పక్కన ఉన్న నర్సు నా చేతిలోంచి సీసా తీసుకుని పేరు పైకి చదివి మళ్లీ ఇచ్చింది. మందు సరైనదే. కానీ ఆ క్షణం తర్వాత నాకు నా మీద నమ్మకం పోయింది, బదిలీ అడిగాను. నేను వెళ్లిపోయాక ఆ ఊళ్లో రాత్రి ఆపరేషన్లు ఆగిపోయాయని విన్నప్పుడు పడిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి నేను చెప్పేది ఇది. నాలుగు ఆసుపత్రులకు ఒక్కొక్కరి చొప్పున నలుగురు మత్తు డాక్టర్లను పంచితే నాలుగు చోట్లా రాత్రి వైద్యం ఉండదు. ఆ నలుగురినీ ఒకే చోట పెడితే ఆ ఒక్క చోటైనా ఇరవై నాలుగు గంటలూ ఆపరేషన్ గది తెరిచి ఉంటుంది. కాన్పుల డాక్టర్ల విషయంలోనూ, పిల్లల డాక్టర్ల విషయంలోనూ ఇంతే. దానితో పాటు ఎంబీబీఎస్ డాక్టర్లకు ప్రాణరక్షణకు సరిపడే మత్తు వైద్యం నేర్పవచ్చు. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కాలంలో 18 వారాల శిక్షణ ఇందుకోసమే పెట్టారు. నేర్చుకున్నవారిని ఆపరేషన్ గది లేని చోటికి బదిలీ చేయకుండా ఉంటేనే ఆ శిక్షణకు ఫలం.

వైద్య కళాశాలల గురించి కూడా ఒక్క మాట. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో ఆసిఫాబాదు, భూపాలపల్లితో కలిపి తొమ్మిది ప్రభుత్వ కళాశాలలు తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ఐదు వచ్చాయి, తర్వాత పాడేరుకూ వచ్చింది. కళాశాల ఉన్న చోట బోధనాసుపత్రి ఉంటుంది, ఒక్కో విభాగంలో నలుగురైదుగురు డాక్టర్లు ఉండవలసి వస్తుంది. నేను కోరుతున్న రాత్రి బృందం సహజంగానే ఏర్పడడానికి ఇంతకంటే మంచి అవకాశం లేదు. బోధకుల పోస్టులు నిజంగా నిండి, వారు అదే ఊళ్లో కాపురం ఉండేలా చూడాలి. అందుకు క్వార్టర్లు కావాలి, వారి పిల్లలకు మంచి బడి కావాలి, భార్యాభర్తలిద్దరికీ ఒకే చోట పోస్టింగు కావాలి. జీతం పెంచితే మనిషి ఒప్పుకుని వస్తాడేమో గానీ, నిలబడి ఉండడానికి ఇవే కారణమవుతాయి.

నగరవాసి

డాక్టరు గారూ, మీ లెక్క నా ఆలోచనను మార్చింది. నేను ఇంతకాలం ఖాళీల శాతం చూసి పరిస్థితిని అంచనా వేసేవాడిని, నిండిన పోస్టు కూడా రాత్రికి ఖాళీయే అన్నది నాకు తట్టలేదు. అయితే నలుగురినీ ఒక చోట చేర్చాలన్న మీ సూచన, పెద్ద ఆసుపత్రికి చేర్చాలన్న నా మొదటి మాటకు దగ్గరగానే ఉంది కదా?

మన్యం సిస్టర్

దగ్గరగానే ఉంది, అందుకే నాకు భయం కూడా. నలుగురినీ ఒక చోట పెడితే మిగిలిన మూడు ఊళ్లకు దూరం పెరుగుతుంది. ఆ పెరిగిన దూరాన్ని గర్భిణుల వసతి గృహాలతో, బైకు అంబులెన్సులతో పూడ్చకుండా ముందు డాక్టర్లను ఎత్తుకుపోతే, పోయేది మళ్లీ మా కొండమీది వారి ప్రాణాలే. పాము కాటు మందు, ఫిట్స్‌కు ఇచ్చే మెగ్నీషియం ఇంజెక్షను, రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ వంటివి కింది కేంద్రాల్లో ఎప్పుడూ ఉండాలి. ఆక్సిటోసిన్‌ను చల్లగా ఉంచాలి, మా దగ్గర కరెంటు పోతే రెండేసి రోజులు రాదు. మొదటి మోతాదు అక్కడే పడితేనే మనిషి మీ బృందం దాకా బతికి వస్తుంది.

పల్లె డాక్టరు

సిస్టర్ గారు చెప్పిన వరుసే సరైనది. ముందు వసతి గృహం, వాహనం, కింది కేంద్రంలో మొదటి మోతాదు. ఆ తర్వాతే డాక్టర్లను ఒక చోట చేర్చడం. నా సూచనను ఆ సవరణతో చదువుకోవలసిందిగా కోరుతున్నాను.

అడవి జిల్లా

ఇవన్నీ దయతో ఇచ్చేవి కావన్నది కూడా గుర్తుండాలి. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు వరుసగా తిప్పి పంపిన కేసులో, సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును భంగపరచడమేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. డబ్బు లేదన్న సాకు చెల్లదని కూడా అన్నది. ఆ తీర్పు మా గూడేలకు కూడా వర్తిస్తుంది.

ఉద్దానం మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, మీరు రాసినది ఆ అమ్మాయి మామగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ మత్తు డాక్టరు మీద కోపం పెట్టుకున్నాను మాస్టారూ, ఆయన కూడా ఒక్కడేనా’ అని అడిగాడు.

మేము ఊరు తరఫున సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాస్తున్నాం. మా ప్రాంతంలో సిజేరియన్ చేయవలసిన ఆసుపత్రులలో గడచిన ఆరు నెలల్లో ఏయే రాత్రులు మత్తు డాక్టరు విధుల్లో ఉన్నారు, రాత్రి 8 నుంచి ఉదయం 8 లోపల ఎన్ని సిజేరియన్లు జరిగాయి, ఎందరిని వేరే చోటికి పంపారు, పంపిన కారణం ఏమని రిజిస్టరులో రాశారు అని అడుగుతున్నాం. ఇంకేమైనా చేర్చాలంటే చెప్పండి. సోమవారం పోస్టు చేస్తాం.

మన్యం సిస్టర్

రక్తం గురించి అడగండి మాస్టారూ. రక్తనిధి వేరు, రక్తం నిల్వ కేంద్రం వేరు. చాలా చోట్ల ఉండేది రెండోదే, అంటే ఒక ఫ్రిజ్. అందులో రక్తం 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి, ఆ ఉష్ణోగ్రత రాసే పుస్తకం పక్కనే ఉంటుంది. ఆ పుస్తకం నకలు అడగండి. ఏ గ్రూపు సీసాలు ఎన్ని ఉన్నాయో, ఏ నెలలో ఒక్కటీ లేదో, కరెంటు పోయినప్పుడు జనరేటరు వేశారో లేదో అంతా అందులోనే తెలుస్తుంది.

ఉద్దానం మాస్టారు

చేర్చాను సిస్టర్. ఐదో ప్రశ్నగా పెట్టాను. జవాబు రాగానే ఇక్కడే ఉన్నది ఉన్నట్టుగా టైపు చేసి పెడతాను.